కొత్తగా బాస్కెట్‌బాల్ రెఫరీ అయ్యారా, ముందు నిలబడటం నేర్చుకోండి

రూల్ బుక్ అంతా బట్టీ పట్టి, టెస్ట్ పాసై, కొత్త విజిల్ మెళ్ళో వేసుకుని మొదటి మ్యాచ్‌కి వెళ్ళాను. రెండో నిమిషంలోనే ఫౌల్ ఊదాను, కాల్ నూటికి నూరుపాళ్ళు కరెక్టే. కానీ ఊదుతూనే స్కోరర్ కూర్చునే టేబుల్ వైపు పరుగు, పరుగులోనే వేళ్ళు చూపించేయడం, అదే ఊపులో వెనక్కి. స్కోరర్‌కి నంబర్ 7 అని అర్థమైంది గానీ ఏ టీమో అర్థం కాలేదు, అవతలి టీమ్ 7కి రాసేసింది. నాలుగో క్వార్టర్‌లో తన ప్లేయర్‌కి ఇంకా ఒక ఫౌల్ మిగిలే ఉందనుకుంటున్న కోచ్‌కి ఐదో ఫౌల్ బోర్డు (ఐదైతే ప్లేయర్ బయటికే) కనపడింది, ఆ తర్వాత నాకు పడిన అక్షింతలు ఇక్కడ రాయలేను. తప్పు స్కోరర్‌ది కాదు, నాదే. అందుకే కొత్తవాళ్ళు ఎవరడిగినా రూల్స్ కంటే ముందు మెకానిక్స్ గురించే చెప్తాను.

మెకానిక్స్ అంటే చేతి సిగ్నల్స్ అనుకుంటారు చాలామంది, అది సగమే. ఎక్కడ నిలబడాలి, ఎటు చూడాలి, ఎప్పుడు కదలాలి, ఇదీ మిగతా సగం, అసలు కష్టం ఇక్కడే ఉంది. నేను చెప్పేది ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) పద్ధతిలో ఇద్దరు రెఫరీల సిస్టమ్, పెద్ద లెవెల్లో ముగ్గురుంటారు గానీ మనం మొదలుపెట్టేది ఎక్కువగా ఇద్దరితోనే.

బాల్ ఏ బాస్కెట్ వైపు వెళ్తుందో ఆ వైపు బేస్‌లైన్‌కి (బాస్కెట్ వెనకాల గీత) ముందే చేరేవాడు లీడ్, ప్లే వెనకాల వచ్చేవాడు ట్రైల్. బాల్ అవతలి టీమ్ చేతికి పోయిందంటే ట్రైల్ వెనక్కి తిరిగి అటు లీడ్ అయిపోతాడు, లీడ్ ఏమో ట్రైల్ అవుతాడు, అంతే. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, పదిమంది ప్లేయర్లూ ఎప్పుడూ మీ ఇద్దరి మధ్యే ఉండాలి. కోర్టు 28 మీటర్ల పొడవు, ఫాస్ట్ బ్రేక్‌లో (అవతలివాళ్ళు సర్దుకునేలోపే దాడికి పరిగెత్తినప్పుడు) మీరు బాల్ తెచ్చే పాయింట్ గార్డ్ కంటే ముందు అవతలి బేస్‌లైన్ దగ్గర ఉండాలి, అది కూడా ప్లేకి వీపు పెట్టి కాదు, భుజం మీదుగా వెనక్కి చూస్తూ పరిగెత్తాలి. మొదట్లో మెడ పట్టేస్తుంది, తర్వాత అలవాటైపోద్ది.

కొత్త లీడ్‌లు అందరూ చేసే తప్పు బాల్‌ని చూడటం. బాల్ త్రీ పాయింట్ లైన్ బయట గార్డ్ చేతిలో ఉంది, అది ట్రైల్ చూసుకుంటాడు, మీరు కూడా అక్కడే చూస్తుంటే పోస్ట్‌లో (బాస్కెట్ దగ్గర) ఇద్దరు పొడుగోళ్ళు ఒకళ్ళ జెర్సీ ఒకళ్ళు పట్టుకు లాగుతుంటే చూసే నాథుడే లేడు. కాసేపటికి ఎవడో ఒకడు మోచేత్తో పొడుస్తాడు, మీరు చూసేది ఆ రెండో దెబ్బే, దానికే ఊదుతారు, మొదలెట్టినవాడు నవ్వుకుంటూ వెళ్తాడు. షాట్ వేసినప్పుడు కూడా ఇంతే, బాల్ గాల్లో ఎలా వెళ్తోంది, గోల్‌టెండింగ్ (కిందికి దిగుతున్న షాట్‌ని ముట్టుకోవడం) ఉందా, బాస్కెట్ పడిందా అనేది ట్రైల్ పని. లీడ్ తల పైకెత్తకూడదు, కింద రీబౌండ్ కోసం (పడని షాట్ బాల్ అందుకోవడానికి) ఎవరు ఎవర్ని తోస్తున్నారో చూడాలి. చెప్పడం తేలిక, బాల్ గాల్లో ఉంటే కళ్ళు వాటంతటవే పైకి పోతాయి.

ట్రైల్‌గా ఉన్నప్పుడు ఇంకో జబ్బు, సెంటర్ లైన్ దగ్గరే పాతుకుపోవడం. షాట్ లేవగానే రెండు మూడడుగులు లోపలికి వేయండి, రీబౌండ్‌లో బయటి వైపు జరిగేది మీకు తప్ప ఎవరికీ కనపడదు.

ఇప్పుడు యాంగిల్. ప్లేకి మూడు నుంచి ఆరు మీటర్ల దూరం సరిపోతుంది, మరీ దగ్గరకెళ్తే ఏమీ కనపడదు. డ్రిబుల్ చేసేవాడు బాస్కెట్ వైపు దూసుకెళ్తున్నాడు, డిఫెండర్ పక్కనే ఉన్నాడు, మీరు సరిగ్గా ఆ డ్రిబ్లర్ వీపు వెనకాల ఉన్నారు అనుకోండి. మీకు కనిపించేది ఒక వీపు, అటు ఇటు ఊగే రెండు చేతులు. తగిలిందో లేదో ఊహించి ఊదాల్సిందే. అదే ప్లేలో రెండడుగులు పక్కకి జరిగితే ఇద్దరి మధ్య సందు కనపడుతుంది, ఆ సందు ఎప్పుడు మూసుకుందో, ఎవరు మూశారో తెలుస్తుంది. జరిగాక ఆగండి. పరిగెడుతూ చూస్తే కళ్ళు కూడా ఊగుతాయి, నిలబడి చూసిన దానికీ దానికీ చాలా తేడా. ఇంకో సంగతి, చూడాల్సింది డిఫెండర్‌ని. అతను ముందే పొజిషన్ తీసుకున్నాడా, పక్కనుంచి తుంటి అడ్డం పెట్టాడా అనేది ఢీకొట్టాక తెలీదు, ముందు నుంచి అతని మీద కన్నుంటేనే బ్లాకింగా (డిఫెండర్ తప్పు) చార్జింగా (బాల్ ఉన్నవాడి తప్పు) చెప్పగలరు.

విజిల్ గురించి రెండు ముక్కలు. లోపల గింజ లేనిది కొనండి. గింజ ఇరుక్కుపోయి ఊదినా మోగని బాధ పడిన రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ అనే కెనడా బాస్కెట్‌బాల్ రెఫరీయే ఫాక్స్ 40 తయారుచేయించాడు, 1987లో బయటికొచ్చింది, మనలాంటోడి బాధలోంచి పుట్టిన వస్తువన్నమాట. ఊదితే ఒక్కసారి, గట్టిగా. పీ పీ పీ అని మూడుసార్లు ఊదితే మీకే డౌటున్నట్టు వినిపిస్తుంది. అలాగే ప్లే పూర్తవనివ్వండి, తగలగానే ఊదేస్తే ఏమీ కాని చిన్న టచ్‌కి కూడా ఆట ఆగిపోద్ది.

ఇక నన్ను ముంచిన ఆ రిపోర్టింగ్. ఫౌల్ అయితే విజిల్‌తో పాటే పిడికిలి బిగించి చెయ్యి నిటారుగా పైకి, వైలేషన్ (ఫౌల్ కాని రూల్ తప్పు) అయితే అరచెయ్యి తెరిచి పైకి. గడియారం ఆపేవాళ్ళు మీ చేతినే చూస్తుంటారు కాబట్టి సగం మడిచిన చెయ్యి వద్దు, మోచెయ్యి చెవి పక్కకి రావాలి. ఫౌల్ జరిగిన చోట ఒక్క క్షణం ఆగి, ఫౌల్ చేసిందెవరో ఆ నంబర్ మనసులో అనుకుని, అప్పుడు టేబుల్‌కి మీరు అడ్డం లేకుండా కనిపించే చోటికి వెళ్ళండి. అక్కడ రెండు కాళ్ళూ నేల మీద పెట్టి ఆగండి. ముందు జెర్సీ రంగు నోటితో చెప్పండి, తర్వాత నంబర్, తర్వాత ఎలాంటి ఫౌల్, చివర్లో ఫ్రీ త్రోలా సైడ్ బాలా (గీత బయటి నుంచి బాల్ లోపలికి వేయడం). ఈ వరస మార్చొద్దు, స్కోరర్ షీట్ మీద రాసుకోవడానికి ఇదే వీలు.

నంబర్లు తికమక పెడతాయి. 6 నుంచి 10 వరకు కుడిచెయ్యి ఐదు వేళ్ళు, మిగతాది ఎడమచెయ్యి. 11 నుంచి 15 అయితే కుడిచెయ్యి పిడికిలి, ఎడమచేత్తో ఒకటి నుంచి ఐదు. 16 నుంచి పైన వేరే పద్ధతి, ముందు చెయ్యి వెనక్కి తిప్పి (చేతి వెనకవైపు టేబుల్‌కి కనపడేలా) పదుల అంకె, తర్వాత అరచేతులు టేబుల్ వైపు పెట్టి ఒకట్ల అంకె. 23 అంటే ముందు వెనక్కి తిప్పిన రెండు వేళ్ళు, ఆపి, తర్వాత మామూలుగా మూడు. రెండింటికీ మధ్య ఆ చిన్న గ్యాప్ ఇవ్వకపోతే స్కోరర్ ఐదు అనుకునే ప్రమాదం ఉంది. స్కోరర్ తలూపాకే కదలండి.

మీ పార్ట్‌నర్ రిపోర్ట్ చేస్తుంటే మీరు బాటిల్ తీసి నీళ్ళు తాగే టైం కాదు అది. కదలకుండా నిలబడి ప్లేయర్లందరినీ చూస్తుండాలి, గొడవలు మొదలయ్యేది డెడ్ బాల్ అప్పుడే, అంటే ఆట ఆగినప్పుడే. రిపోర్ట్ అయ్యాక ఇద్దరూ పొజిషన్లు మార్చుకుంటారు, కాబట్టి కళ్ళు కలపకుండా బాల్ ఇచ్చేయొద్దు, ఇద్దరూ ఒకే బేస్‌లైన్‌కి వెళ్ళి నిలబడిన ఘనత నాకుంది.

త్రో-ఇన్‌కి (గీత బయటి నుంచి బాల్ లోపలికి వేసేటప్పుడు) స్పాట్ చూపించండి, 5 సెకన్లు చేత్తో కనపడేలా లెక్కపెట్టండి, బాల్ కోర్టులో ఉన్నవాళ్ళకి తగలగానే చెయ్యి కిందకి కొట్టండి, క్లాక్ మొదలయ్యేది ఆ టచ్‌తోనే.

ప్రాక్టీస్‌కి అద్దం చాలు. ఎవరైనా ఒక నంబర్ అరుస్తుంటే రంగు, నంబర్, ఫౌల్, పెనాల్టీ వరసగా చేసి చూపించండి, మధ్యలో వాళ్ళు 9 అనీ 19 అనీ మార్చి మార్చి అడగాలి. మ్యాచ్‌కి ఫోన్ ఒక మూల పెట్టి మీ వీడియో తీయించుకోండి, ఆట చూడకుండా మిమ్మల్నే చూసుకోండి. నా మొదటి వీడియోలో నేను లీడ్‌గా ఉన్న ప్రతి షాట్‌కీ నా గడ్డం పైకి లేస్తోంది, లెక్కపెట్టాను, ఒక క్వార్టర్‌లో పదకొండు సార్లు. తర్వాతి మ్యాచ్‌లో ఇంకేం పెట్టుకోలేదు, ఆ గడ్డం కిందికి ఉంచడం ఒక్కటే పనిగా పెట్టుకున్నాను, నాలుగుకి తగ్గింది.