గినీ పిగ్ పెంపకం – 5వ పాఠం: మెత్తబడ్డ పెంటికలు, ఇంట్లో ఉన్న సిరప్

ఈసారి ఎండాకాలం గురించి రాయాల్సింది. మన దగ్గర 40 డిగ్రీలు దాటే ఎండల్లో గినీ పిగ్‌ని కాపాడుకోవడం చిన్న విషయం కాదు కాబట్టి ఆ పాఠం దాదాపు సిద్ధంగానే ఉంది. కానీ 4వ పాఠం, అంటే ఆకుకూరలూ గడ్డీ గురించి రాసిన తర్వాత వచ్చిన ప్రశ్నలు చదివాక దాన్ని వచ్చేసారికి జరిపాను. చాలామంది రాసింది ఒకటే కథ. ఆకులు పెట్టడం మొదలుపెట్టాం, రెండో రోజుకి పెంటికలు మెత్తబడ్డాయి, భయమేసి ఇంట్లో పిల్లలకి వాడే సిరప్ రెండు చుక్కలు వేశాం. మొదటి రెండూ సరిదిద్దుకోవచ్చు. మూడోదే ప్రాణాల మీదికి తెస్తుంది, అందుకే ఈ పాఠంలో సగం దాని గురించే ఉంటుంది.

ముందు ఆకుల సంగతి తేల్చేద్దాం. కిలో బరువున్న పెద్ద గినీ పిగ్‌కి రోజుకి ఒక కప్పు ఆకుకూరలు అని రాశాను, దాని పక్కనే కొంచెం కొంచెంగా అలవాటు చేయాలని కూడా రాశాను. చాలామంది కప్పు దగ్గరే ఆగిపోయారు. పెట్ షాపు నుంచి వచ్చినప్పటి నుంచి పెల్లెట్లూ క్యారెట్ ముక్కలూ తప్ప ఏమీ ఎరగని జంతువుకి ఒకే రోజు కొత్తిమీర, క్యాబేజీ, పాలకూర, కీర కలిపి గిన్నె నిండా పెడితే దాని పొట్ట తట్టుకోలేదు. తప్పు కొత్తిమీరదీ కాదు, కీరదీ కాదు. కొత్త తిండిని అరిగించే సూక్ష్మజీవులు పెరగడానికి దాని పొట్టకి వారం పది రోజులు కావాలి. ఒక రకం ఆకు తీసుకోండి, నేనైతే ఎప్పుడూ కొత్తిమీరతోనే మొదలుపెడతాను, నాలుగు రెమ్మలు చాలు. మూడు రోజులు చూడండి, పెంటికలు గట్టిగా ఉంటేనే ఇంకో నాలుగు రెమ్మలో, ఇంకో రకమో. క్యాబేజీ గ్యాస్ పట్టిస్తుంది, మానేసినా నష్టం లేదు. పాలకూర, తోటకూర, గోంగూర రోజూ వద్దు.

ఇప్పుడు మీ కేజ్‌లో కనిపిస్తున్నది ఏమిటో చూడండి. గినీ పిగ్ పెంటిక కోలగా, ముదురు గోధుమ రంగులో, వేళ్ల మధ్య నొక్కితే కొంచెం మెత్తగా తగిలినా చిదిమిపోకుండా ఉండాలి. ఆకులు ఎక్కువైతే అవి మెత్తబడి, రెండు మూడు అంటుకుని వస్తాయి, కానీ ఆకారం ఉంటుంది, జంతువు చురుగ్గానే తిరుగుతుంది, మీరు కవరు చప్పుడు చేస్తే కూతలు పెడుతుంది. దీనికి మందు అవసరం లేదు. ఆకులు ఆపి ఒకటి రెండు రోజులు గడ్డీ నీళ్లే పెట్టండి, విటమిన్ సి మాత్రం ఆపకండి. ఆకారమే లేకుండా నీళ్లలా వస్తూ, వెనక భాగం తడిసి, జంతువు మూల కూర్చుని వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే అది అసలైన విరేచనం, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రేపు చూద్దాం అనుకునేంత సమయం ఈ జంతువు ఇవ్వదు.

మనకి లూజ్ మోషన్స్ అయితే పెరుగన్నం తింటాం, మజ్జిగ తాగుతాం, సగ్గుబియ్యం జావ కాచుకుంటాం. వీటిలో ఏదీ దీనికి పెట్టకండి. గినీ పిగ్ పూర్తిగా గడ్డీ ఆకులూ తినే జంతువు, పాలకి సంబంధించినవీ పిండి పదార్థాలూ దాని పొట్టలో పులిసి ఉన్న బాధని రెట్టింపు చేస్తాయి. అరటిపండు కూడా వద్దు.

గడ్డి గురించి కూడా ఒక మాట. కొందరు వరిగడ్డి పెడుతున్నామని రాశారు. పరుపుగా వేసుకోండి, తిండిగా అది సరిపోదు, దానిలో బలం చాలా తక్కువ. ఆన్‌లైన్‌లో దొరికే టిమోతీ గడ్డి మంచిదే, కానీ ఖరీదు. నా ఓటు గరికకే. వినాయక చవితికి పూజలో పెట్టే ఆ గరికే, మందులు కొట్టని చోట కోసుకుని, కడిగి ఆరబెట్టి పెట్టండి. తడిది పాలిథిన్ కవర్లో దాచకండి, గంటల్లో వేడెక్కి బూజు పడుతుంది. పశువుల మేతకి అమ్మే లూసర్న్ కాల్షియం ఎక్కువ ఉన్న మేత, పిల్లలకీ చూడి వాటికీ తప్ప వద్దు. పచ్చి జొన్న మొలకలు అసలు వద్దు, లేత జొన్నలో విషం ఉంటుందని మన రైతులు పశువుల్ని ఆ చేలోకి పోనివ్వరు, ఇక్కడా అదే జాగ్రత్త.

ఇక ఆ సిరప్.

పిల్లల సిరప్‌లలో ఉండే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్‌ని గినీ పిగ్‌కి నోటి ద్వారా ఇవ్వకూడదు. కొంచెం ఇస్తే ఏమవుతుంది అన్న ప్రశ్నే వద్దు, రెండు చుక్కలైనా వద్దు. మెడికల్ షాపులో సులువుగా దొరుకుతుంది, పిల్లలకి జ్వరం వచ్చినప్పుడు కొన్న సీసా ఫ్రిజ్‌లో మిగిలి ఉంటుంది, పసిపిల్లలకే ఇస్తారు కదా దీనికేం ప్రమాదం అనిపిస్తుంది. అలా అనిపించడమే ఉచ్చు. ఎందుకు ప్రమాదమో వివరంగా రాస్తాను, ఎందుకంటే ఊరికే ‘వద్దు’ అని చెబితే ఎవరూ ఆగరని ఈ నెల ప్రశ్నలు చూసి అర్థమైంది.

గినీ పిగ్ తిన్న గడ్డిని అరిగించేది దాని కడుపు కాదు. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట సీకం అనే పెద్ద సంచి ఉంటుంది, పొట్టలో ఎక్కువ చోటు దానిదే. అక్కడ కోట్లాది బ్యాక్టీరియా గడ్డిని పులియబెట్టి జంతువుకి తిండిగా మారుస్తాయి. పాలకి తోడు ఎలాగో గడ్డికి ఆ బ్యాక్టీరియా అలాగ. వాటిలో ఎక్కువ భాగం గ్రామ్ పాజిటివ్ అనే రకం. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, పెన్సిలిన్ ముందుగా చంపేది సరిగ్గా ఆ రకాన్నే. అవి పోగానే ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియం డిఫిసిలి లాంటి చెడ్డ బ్యాక్టీరియా విజృంభించి విషం వదులుతుంది. ఆ విషానికి పేగు గోడ దెబ్బతింటుంది, నీళ్ల విరేచనం మొదలవుతుంది, శరీరం చల్లబడుతుంది. ఇదంతా మందు వేసిన గంటలో జరగదు, కొన్ని రోజుల తర్వాత జరుగుతుంది. అందుకే చాలామంది ‘మందు వేశాం, అయినా జబ్బు ముదిరి పోయింది’ అనుకుంటారు. ఒకరు అచ్చం ఇలాగే రాశారు, మొదటి రోజు కాస్త తేరుకుందనీ నాలుగో రోజు పోయిందనీ. వాళ్ల బాధ నాకు తెలుసు, వాళ్లని తప్పుపట్టడానికి ఇది చెప్పట్లేదు. ఆ పొరపాటు ఇంకో ఇంట్లో జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇది ఇవాళ తెలిసిన విషయం కాదు. 1940 మే 25న ఆక్స్‌ఫర్డ్‌లో హోవార్డ్ ఫ్లోరీ అనే శాస్త్రవేత్త బృందం 8 చిట్టెలుకలకి స్ట్రెప్టోకోకస్ అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఎక్కించి, వాటిలో నాలుగింటికి పెన్సిలిన్ ఇచ్చింది. మందు అందని నాలుగూ తెల్లారేసరికి చనిపోయాయి. పెన్సిలిన్ నిజంగా పనిచేస్తుందని ప్రపంచానికి తెలిసింది ఆ ప్రయోగంతోనే. 1943 నాటికల్లా అదే పెన్సిలిన్ గినీ పిగ్‌లని చంపుతుందని పరిశోధకులు గమనించారు. ఆ రోజు ఆక్స్‌ఫర్డ్‌లో చిట్టెలుకల బదులు గినీ పిగ్‌లు ఉండి ఉంటే ఆ మందునే పక్కన పడేసేవారేమో. మనం తెలుసుకోవాల్సింది ఏమిటంటే, చిట్టెలుకకీ ర్యాట్‌కీ పడే మందు గినీ పిగ్‌కి పడాలని లేదు. హ్యామ్‌స్టర్, చించిల్లా లాంటి చిన్న జంతువులు ఉన్నవాళ్లు కూడా గినీ పిగ్‌కి చెప్పిన జాగ్రత్తే పాటించండి.

అమాక్సిసిలిన్ ఒక్కటే కాదు. క్లిండమైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్, నోటి ద్వారా ఇచ్చే సెఫలెక్సిన్ లాంటివి కూడా ఇదే పని చేస్తాయి. సీసా మీద పెద్ద అక్షరాల్లో ఉండే పేరు చూసి మోసపోవద్దు, ఆగ్మెంటిన్, క్లావమ్ అని ఉన్నా లోపల ఉన్నది అమాక్సిసిలినే. కింద చిన్న అక్షరాల్లో రాసిన మందు పేరు చదవండి. గాయానికి పూసేవి కూడా లెక్కలోకి వస్తాయి. నియోస్పోరిన్ పౌడర్ చల్లామని ముగ్గురు నలుగురు రాశారు, దానిలో బాసిట్రాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంటుంది, గినీ పిగ్ గాయాన్ని నాకుతుంది, నాకితే అది పొట్టలోకే పోతుంది. చిన్న గాయమైతే గోరువెచ్చటి ఉప్పునీళ్లతో కడిగి డాక్టర్‌కి చూపించండి.

అంటే యాంటీబయాటిక్సే వాడకూడదా అని అడుగుతారు. వాడతారు. న్యుమోనియా వస్తే వాడక తప్పదు. ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్ సల్ఫా లాంటివి డాక్టర్లు గినీ పిగ్‌లకి రాస్తారు. కానీ మోతాదు బరువుని బట్టి ఉంటుంది, అది మన చేతిలో ఉండకూడదు. విటమిన్ సి తప్ప ఏ మందూ ఇంట్లో సొంతంగా వేయకండి.

ఇప్పటికే వేసేసిన వాళ్లు వెంటనే ఆపండి. డాక్టర్‌కి ఏ మందు, ఎన్ని చుక్కలు, ఎప్పుడు వేశారో దాచకుండా చెప్పండి, తిడతారని చెప్పకపోతే వైద్యం తప్పుదారి పడుతుంది. నీళ్లు ఎక్కించాల్సి రావచ్చు. ఆరోగ్యంగా ఉన్న ఇంకో గినీ పిగ్ పెంటికలని నీళ్లలో కలిపి వడకట్టి తాగించి మంచి బ్యాక్టీరియాని తిరిగి నింపే పద్ధతి కూడా ఉంది, వినడానికి రోతగా ఉన్నా పనికొస్తుంది, అది డాక్టర్ చెబితేనే. మీరు చేయాల్సింది దాని నోట్లో తిండి ఆగకుండా చూడటం.

తిండి మానేసిన గినీ పిగ్ అంటే కంగారు పడాల్సిందే, 12 గంటలు ఏమీ తినకపోతే పేగు కదలిక ఆగిపోవడం మొదలవుతుంది. పెల్లెట్లని గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, మెత్తగా మెదిపి, సూది లేని 1 మి.లీ. సిరంజిలోకి ఎక్కేంత పల్చగా చేయండి, సిరంజి కొనని కొంచెం కోసేస్తే పీచు అడ్డుపడదు. టవల్‌లో చుట్టి ఒళ్లో కూర్చోబెట్టుకుని, ముందు పళ్ల వెనక పక్కగా ఉండే ఖాళీలోంచి అర మి.లీ. వదలండి. నమలడం చూశాకే తర్వాతిది. ఎదురుగా నోట్లోకి గట్టిగా నొక్కితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కిలో బరువుకి రోజు మొత్తం మీద 50 నుంచి 80 మి.లీ. కావాలి, అంటే 800 గ్రాముల జంతువుకి 40 నుంచి 64, దాన్ని రాత్రి కూడా కలిపి ఆరేడు సార్లుగా పంచండి. పొట్ట డోలులా బిగుసుకుని ఉంటే మాత్రం ఒక్క చుక్క కూడా పెట్టకుండా ఆస్పత్రికి పరుగెత్తండి. తినాలని గిన్నె దగ్గరికి వచ్చి, నోట్లో పెట్టుకుని వదిలేస్తూ గడ్డం తడిగా ఉంటే పొట్ట సమస్య కంటే ముందు దవడ పళ్లని అనుమానించండి. దాని 20 పళ్లూ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి.

విటమిన్ సి మీద కూడా చాలా ప్రశ్నలు. మనలాగే గినీ పిగ్ కూడా దాన్ని తయారుచేసుకోలేదు, రోజుకి కిలోకి 10 నుంచి 30 మి.గ్రా. కావాలి. నీళ్ల సీసాలో కలపకండి, వెలుతురుకి పాడవుతుంది, రుచి మారి నీళ్లే మానేస్తుంది. పచ్చ క్యాప్సికమ్ ముక్క, వారంలో రెండు మూడు సార్లు చిన్న జామ ముక్క, ఇదే నా పద్ధతి.

ఇక అభ్యాసం. ఈసారి కొంచెం ఎక్కువే ఉంది, దయచేసి అన్నీ చేయండి.

ఇంట్లో ఉన్న మందుల డబ్బా బయటికి తీసి, ప్రతి సీసా, ట్యూబు మీద చిన్న అక్షరాలు చదివి, పైన చెప్పిన పేర్లు ఉన్నవాటి మీద మార్కర్‌తో పెద్దగా గుర్తు పెట్టండి. మీరు లేనప్పుడు చూసుకునే వాళ్లకి కూడా ఆ గుర్తు అర్థమవ్వాలి.

రెండు వారాలు రోజూ పొద్దున ఆకులు పెట్టకముందు గ్రాములు చూపించే వంటింటి తూకం మీద బరువు చూసి రాసుకోండి. బాత్రూమ్ తూకంలో ఈ తేడా తెలియదు. 20, 30 గ్రాములు అటూ ఇటూ అవడం మామూలే, టెన్షన్ పడొద్దు. 50 తగ్గితే తిండి, పెంటికలు గమనించండి. 100 తగ్గితే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

జంతువు ఆరోగ్యంగా ఉండగానే రోజు విడిచి రోజు సిరంజితో రెండు మి.లీ. పెల్లెట్ జావ తాగించడం అలవాటు చేయండి. జబ్బు చేసిన రోజు రాత్రి రెండింటికి నేర్చుకోవడం ఇద్దరికీ నరకం.

చివరిది అన్నిటికంటే ముఖ్యం. మీకు దగ్గర్లో గినీ పిగ్‌లని చూసే డాక్టర్ ఎవరో ఈ వారమే కనుక్కోండి. ఎవరూ దొరక్కపోతే వెటర్నరీ కాలేజీల ఆస్పత్రుల్లో అడగండి, రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలో ఉన్నాయి. ఫోన్ చేసి ‘గినీ పిగ్‌కి అమాక్సిసిలిన్ సిరప్ ఇవ్వచ్చా’ అని అడగండి. ఇవ్వకూడదు అని తడుముకోకుండా చెప్పినవారి నంబరు గోడ మీద రాసుకోండి. ఇవ్వచ్చు అంటే, ఇంకొకరిని వెతకండి.

వచ్చే పాఠం ఎండాకాలమే. అంతవరకు మధ్యాహ్నం పూట కేజ్‌ని బాల్కనీలో ఉంచకండి.