చల్లని నీటిలో కార్ప్ చేపలకు సరైన ఎరను ఎంచుకోవడం ఎలా?

వేసవిలో బాగా పనిచేసిన ఎరనే చలికాలంలోనూ వేసి, నీటిలో చేపలే లేవని వెనుదిరిగేవారు చాలామంది ఉంటారు. నిజానికి చేపలు అక్కడే ఉంటాయి, తగ్గేది వాటి ఆకలి. బంగారుతీగ వంటి కార్ప్ చేపలు శీతరక్త జీవులు కావడం వల్ల నీరు చల్లబడే కొద్దీ వాటి కదలిక మందగిస్తుంది, జీర్ణాశయం లేని వాటి పేగులో తిన్న మేత అరగడానికి చాలా ఎక్కువ సమయం పడుతుంది. కాబట్టి ఈ కాలంలో కడుపు నింపే ఎర కన్నా, కొద్దిపాటిదైనా సులభంగా అరిగి, వాసనను త్వరగా నీటిలోకి వదిలే ఎర మేలు.

ముందుగా నీటి ఉష్ణోగ్రత తెలుసుకోండి. థర్మామీటర్‌ను దారానికి కట్టి అడుగుకు దించి, కొన్ని నిమిషాలు ఆగి, పైకి లాగిన వెంటనే చూడాలి. సుమారు 10 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే చేపలు మేత తగ్గిస్తాయి. 5 డిగ్రీల దరిదాపుల్లో రోజులో కొద్దిసేపే తింటాయి.

తర్వాత ఎర దేనితో తయారైందో చూడండి. అన్నిటికన్నా ముఖ్యమైన అంశం ఇదే. చేపనూనె ఎక్కువగా ఉన్న బాయిలీలు (పిండి ముద్దలను ఉడికించి చేసే గుండ్రని ఎర ఉండలు) వేసవిలో ఎంత మంచివైనా, చలికి ఆ నూనె చిక్కబడి వాసన దూరం వ్యాపించదు. పాలపొడి, గింజల పిండి వంటివాటితో చేసి, నీటిలో కరిగే ద్రవాలలో నానబెట్టినవి మెరుగ్గా పనిచేస్తాయి. అనుమానం ఉంటే చెరువు నీటినే గాజు గ్లాసులో తీసుకుని, అందులో ఒక బాయిలీ వేసి, ఆ గ్లాసును చల్లని చోట రెండు మూడు గంటలు ఉంచండి. బాయిలీ చుట్టూ నీరు మసకబారి, పైపొర మెత్తబడితే అది పనికొస్తుంది. నీరు తేటగానే ఉండి, పైన నూనె చుక్కలు మాత్రమే తేలితే దాన్ని వేసవికి దాచుకోవడం మంచిది. సీసాపై రాసిన ఘనమైన వర్ణనల కన్నా ఈ పరీక్షనే నమ్మవచ్చు.

పరిమాణం చిన్నదిగా ఉండాలి. వేసవిలో 18 మిల్లీమీటర్ల బాయిలీ వాడేవారు ఇప్పుడు 8 నుంచి 10 మిల్లీమీటర్లకు దిగి, గాలాన్ని కూడా అందుకు తగినట్టు చిన్నదిగా మార్చుకోవాలి. ఒకటి రెండు స్వీట్‌కార్న్ గింజలు కూడా చాలు. ఎండిన మొక్కజొన్నను మాత్రం నానబెట్టి, మెత్తగా ఉడికించిన తర్వాతే వాడాలి.

నా దృష్టిలో మరీ చల్లని రోజులకు ప్రాణమున్న ఎరను మించినది లేదు. వానపాము ముక్క గాని, రెండు మూడు ఈగ పురుగులు (ఈగ గుడ్ల నుంచి వచ్చే లార్వాలు) గాని గాలపు ముల్లుపై మెలికలు తిరుగుతుంటే బద్ధకంగా ఉన్న చేప కూడా ఆగి చూస్తుంది. ఈగ పురుగును మొద్దుగా ఉన్న చివర చర్మానికి మాత్రమే ముల్లు తగిలేలా గుచ్చాలి; లోతుగా గుచ్చితే అది చచ్చి, దాని కదలిక ఆగిపోతుంది. మీరు వెళ్లే చెరువులో ఏ ఎరను నిషేధించారో ముందే అడిగి తెలుసుకోవాలి.

చల్లే మేత విషయంలో చేయి బిగించాలి. గుప్పెడు బాయిలీ పొడి, పది పన్నెండు గింజలు చాలు, ఎందుకంటే కొద్దిగా తినే చేప మీరు చల్లినదానితోనే తృప్తిపడితే గాలం వైపు రాదు. గంటసేపు ఏ కదలికా లేకపోతే ఎరను మార్చే ముందు చోటు మార్చి చూడండి: గడ్డకట్టించే చలిలో లోతైన అడుగున, ఎండ కాసిన మధ్యాహ్నం తర్వాత లోతు తక్కువ ఉన్న ఒడ్డున అదే ఎరను వేయాలి.