పాత కారులో కరెంటు లోపాన్ని వెతికి పట్టుకోవడం ఎలా

పదిహేనేళ్లు దాటిన కారును కొన్నప్పుడు, దానితోపాటు పాత యజమానులు చేయించిన వైరింగు కూడా మన చేతికి వస్తుంది. ఒకరు స్టీరియో పెట్టించి ఉంటారు, మరొకరు ఫాగ్ లైట్లు, ఇంకొకరు సెంట్రల్ లాకు; ఆ తీగలను ఎక్కడ కలిపారో, ఏ ఫ్యూజు మీద వేశారో చెప్పే కాగితం ఏదీ ఉండదు. అందుచేత ఇటువంటి కారులో లోపం కనబడగానే బ్యాటరీనో, డైనమోనో మార్చేయడం డబ్బు దండగ. ఒక డిజిటల్ మల్టీమీటరు, పదో నంబరు స్పానరు, ఒక గరుకు కాగితం, కొంత ఓపిక ఉంటే చాలా లోపాలను ఇంటి ముందే పట్టుకోవచ్చు.

మొదట చూడవలసినది బ్యాటరీ. రాత్రంతా బండిని నిలిపి ఉంచి, ఉదయం తాళం తిప్పకముందే, మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి రెండు టెర్మినళ్ల మధ్య కొలవాలి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఛార్జయినట్టు, 12.2 ఉంటే సగమే ఉన్నట్టు, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ అయినట్టు. తరువాత మరొకరిని సెల్ఫ్ కొట్టమని మీటరునే చూడండి. నిండుగా ఉన్న బ్యాటరీ ఆ క్షణంలో 9.6 వోల్టుల కంటే కిందికి జారితే దాని ఆయువు తీరిందని అనుకోవచ్చు. ఇంజను నడుస్తున్నప్పుడు అదే చోట 13.8 నుండి 14.5 దాకా చూపాలి. ఇంజను నడుస్తున్నా 12.5 దగ్గరే ఉండిపోతే డైనమో ఛార్జి చేయడం లేదు; దాన్ని విప్పించే ముందు బెల్టు వదులైందేమో చూడండి. 15 దాటితే డైనమో వోల్టులను అదుపులో ఉంచే రెగ్యులేటరు పాడైనట్టే. బ్యాటరీలో నీళ్లు త్వరగా తగ్గడం, బల్బులు పదేపదే మాడిపోవడం ఈ కారణంగానే కావచ్చు.

బ్యాటరీ, డైనమో బాగానే ఉండి కూడా సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే, ఎర్తును అనుమానించాలి. నా అనుభవంలో పాత కార్లలో అన్నిటికంటే తరచుగా, అన్నిటికంటే ఆలస్యంగా బయటపడే లోపం ఇదే. బ్యాటరీ నెగటివ్ నుండి బాడీకి ఒక తీగ, బాడీ నుండి ఇంజనుకు మరొకటి ఉంటాయి. బల్బయినా, మోటారైనా వాడుకున్న కరెంటు తిరిగి చేరేది వీటి గుండానే. బోల్టు కింద తుప్పు, రాగి పోగుల మీద చిలుము పట్టినప్పుడు పైకి అంతా బిగువుగానే కనిపిస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్లలో తిరిగిన బండ్లలో దీన్ని మరింత శ్రద్ధగా చూడాలి. తీగ నిరోధాన్ని చూపే ఓం కొలతను మాత్రం ఇక్కడ నమ్మకూడదు, ఎందుకంటే తెగిపోగా మిగిలిన నాలుగు పోగులైనా మీటరు పంపే చిన్న కరెంటుకు సరిపోతాయి. భారం పడినప్పుడే అసలు సంగతి తేలుతుంది. మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ సీసపు దిమ్మ మీద, రెండో కొనను ఇంజను మీద రంగు లేని ఇనుముకు ఆనించి, సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల లోపు ఉంటే మంచిది; అర వోల్టు, ఒక వోల్టు చూపితే ఆ దారిలోనే లోపం ఉంది. బోల్టు విప్పి, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించి, పైన కొద్దిగా వాసెలిన్ రాస్తే చాలు. బ్రేకు తొక్కితే ఇండికేటరు మసకబారడం, ఒక దీపం వేస్తే ఇంకొకటి మిణుకుమనడం కూడా వెనుక దీపాల ఎర్తు సరిగా లేదనడానికి గుర్తులే.

నిలిపి ఉంచిన బండి రెండు మూడు రోజుల్లో బ్యాటరీని పీల్చేస్తుంటే, పరీక్ష వేరుగా ఉంటుంది. తలుపులు మూసి, తాళంచెవి బయటికి తీసేసి, నెగటివ్ తీగను విప్పండి. ఎప్పుడు విప్పినా నెగటివ్‌నే ముందు విప్పాలి, బిగించేటప్పుడు దాన్నే చివర బిగించాలి. లేదంటే పాజిటివ్ విప్పుతున్న స్పానరు బాడీకి తగిలి పెద్ద మెరుపు వస్తుంది. మీటరు ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, విప్పిన తీగకూ నెగటివ్ దిమ్మకూ మధ్య కలపండి. ఆ స్థితిలో సెల్ఫ్ కొట్టకూడదు, హెడ్‌లైట్లు వేయకూడదు. 50 మిల్లీఆంపియర్ల లోపు చూపితే ఆందోళన అక్కరలేదు. అర ఆంపియరు చూపిందనుకోండి, 35 ఆంపియర్ అవర్ల చిన్న కారు బ్యాటరీ 70 గంటల్లో ఖాళీ అవుతుంది. ఇప్పుడు ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీస్తూ వెళితే, ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో ఆ దారిలోనే దొంగ ఉన్నాడు. డిక్కీ దీపం, గ్లవ్ బాక్సు దీపం ఆరకుండా ఉండిపోవడం తరచుగా చూస్తాం. అన్ని ఫ్యూజులూ తీసినా అంకె తగ్గకపోతే మిగిలేవి డైనమోలో కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడు దెబ్బతినడం, లేదా బ్యాటరీ నుండి నేరుగా లాగిన స్టీరియో, అలారం తీగలు. పరీక్ష కాగానే ఎర్ర తీగను వోల్టుల రంధ్రంలోకి తప్పక మార్చండి. మరచిపోయి బ్యాటరీ రెండు టెర్మినళ్లకూ ఆనిస్తే మీటరు గుండా షార్టు అవుతుంది.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే పెద్దది వేయడం ప్రమాదకరం. ఎర్రది 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లకు గుర్తు. పదికి బదులు ముప్పై వేస్తే ఫ్యూజు నిలుస్తుంది, తీగ కాలుతుంది. హెడ్‌లైట్ల విషయంలోనూ ఇంతే. కారుతో వచ్చిన 60 వాట్ల బల్బులు రెండూ కలిపి సుమారు 10 ఆంపియర్లు తీసుకుంటాయి. 100 వాట్లవి వేస్తే అది 17కు చేరి, స్విచ్చి, కనెక్టరు ప్లాస్టిక్కు మెత్తబడి కరుగుతాయి. అంత వెలుగు కావాలనుకుంటే బ్యాటరీ దగ్గర ప్రత్యేక ఫ్యూజు పెట్టి, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) ద్వారా మందపాటి తీగతో ఇవ్వాలి.

చివరగా, పాత అతుకులు. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు బానెట్ వేడికి జిగురు వదిలి ఊడుతుంది. అటువంటిది కనబడితే చిలుము పట్టిన మేర కత్తిరించి, టంకం పెట్టి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి. తీగ రేకు గుండా దూరే ప్రతిచోటా రబ్బరు రింగు ఉందో లేదో చూసి, లేకపోతే ఆ రోజే వేయండి.