బెండకాయ నోట్లోకి వెళ్లింది (నా అనుభవం)

మా అయిదేళ్ల వాడు రాత్రి కంచం ముందు కూర్చుంటే పెరుగన్నం, బంగాళాదుంప వేపుడు తప్ప ఇంకేదీ ముట్టేవాడు కాదు, ఆనపకాయ కనబడితే ఏడుపే. ఫోన్లో బొమ్మలు, చాక్లెట్ ఆశ, కూర మెదిపి పప్పులో దాచడం, చివరికి కేకలు, అన్నీ అయ్యాయి.

పనిచేసింది ఇది. ముందు సాయంత్రం చిరుతిళ్లు ఆపాను. మా విశాఖ ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్, మొక్కజొన్న పొత్తు, ఇంటికొచ్చాక బిస్కెట్లు, ఇక 8 గంటలకి ఆకలెక్కడిది? 4.30కి ఒక అరటిపండు, తర్వాత మంచినీళ్లే. వారం పోయాక ఎంవీపీ కాలనీ రైతు బజార్‌కి తీసుకెళ్లి ఒక్క కూరగాయ వాణ్నే ఎంచుకోమంటే, బెండకాయలు ఏరాడు, నన్ను చూసి చివరలు విరిచి మరీ. రాత్రి గిన్నెలన్నీ మధ్యలో పెట్టి, వాడికి నచ్చేది ఒకటి ఉంచి, కొత్త కూర చెంచాడు మాత్రం కంచంలో ఓ పక్కన వేసేదాన్ని. తినమని అనలేదు. "ఒక్క ముద్ద నాన్నా" అనొద్దని మా అత్తయ్యగారిని బతిమాలడమే అసలు కష్టం. మొదట వాసన చూసి వదిలేశాడు, తర్వాత నాకి పక్కన పెట్టాడు, పదకొండోసారో పన్నెండోసారో నమిలి మింగేశాడు. మేం చూడనట్టే ఉన్నాం.

కొత్త రుచి అలవాటవ్వడానికి కొందరు పిల్లలకి 10, 15 సార్లు పడుతుందట. ఆనపకాయ ఇంకా తినడు లెండి. మా చెల్లెలి కూతురికి ఇదే చేస్తే నెలైనా ఏమీ మారలేదు. బరువు తగ్గుతున్నా, మింగేటప్పుడు తరచూ పొలమారుతున్నా ఇదంతా పక్కనపెట్టి పిల్లల డాక్టర్‌కి చూపించండి.