తలకోనకు ఒంటరిగా బయలుదేరుతున్నారా?

కార్తీకం వస్తోంది. కారులో టెంట్ పడేసుకుని తిరుపతి నుంచి తలకోన జలపాతానికి వెళ్లేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

- టెంట్ ఎక్కడపడితే అక్కడ వేయకండి. తలకోన ఉన్నది శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో. అనుమతి లేకుండా అడవిలోకి వెళ్తే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు పెడతారు. పైగా ఎర్రచందనం అడవి, దొంగల కోసం టాస్క్‌ఫోర్స్ గాలిస్తూ ఉంటుంది. అర్ధరాత్రి టార్చ్ పట్టుకుని ఒంటరిగా కనిపిస్తే మీరు యాత్రికులని వాళ్లకెలా తెలుస్తుంది? బస ఎక్కడో అటవీశాఖను అడిగి ముందే ఖాయం చేసుకోండి. రసీదు జేబులోనే ఉంచుకోండి.

- జలపాతం కింద ఎండ కాస్తున్నా నమ్మకండి. ఈశాన్య రుతుపవనాల రోజులివి, పైన కొండల్లో వాన పడితే నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. తేటనీళ్లు ఎర్రగా మారి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే ఆ క్షణమే ఒడ్డెక్కండి. ఫోటో తర్వాత తీసుకోవచ్చు.

- దారిలో వచ్చే భాకరాపేట ఘాట్ రోడ్డును చీకటి పడకముందే దాటండి, మలుపులు ప్రమాదకరం.

- ఏనుగు కనిపిస్తే హారన్ కొట్టకండి, దిగకండి. దూరంగా ఆగి, మెల్లగా వెనక్కి తీయండి.

- తిరిగొచ్చే టైమ్ ఇంట్లో చెప్పండి. లోపల సిగ్నల్‌ను నమ్ముకోలేం.