డిసేబిలిటీ పింఛను అప్పీలు – మూడో పాఠం: బోర్డు రాసిన కారణానికి జవాబు

డిసేబిలిటీ పింఛను రాదని తిరస్కరణ అందుకున్న మాజీ సైనికుల కోసం ఈ పాఠాలు. పోయిన పాఠంలో మన వైద్య కాగితాల కోసం సమాచార హక్కు కింద సైన్యం రికార్డు ఆఫీసుకు దరఖాస్తు పెట్టాం. ఈపాటికి వెల్లింగ్టన్ నుంచో, నాసిక్ రోడ్డు నుంచో, బెంగళూరు నుంచో కవరు వచ్చి ఉంటుంది. రాని వారు కూడా ఈ పాఠం చదవండి, వచ్చాక వెతుకులాట తగ్గుతుంది.

కవరులో ముందుగా తీయవలసింది రిలీజ్ మెడికల్ బోర్డు (సర్వీసు నుంచి బయటికి వచ్చేటప్పుడు మనల్ని పరీక్షించే మిలిటరీ డాక్టర్ల బృందం) కాగితం, అంటే ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 అనే ఫారం. అందరి కళ్లూ వైకల్యం శాతం మీదికే పోతాయి. పింఛనుకు 20 శాతం ఉండాలన్నది నిజమే. కానీ శాతం సరిపోయినా చాలా కేసులు రెండో షరతు దగ్గర పడిపోతాయి. జబ్బు సర్వీసు వల్ల రావాలి, లేదా సర్వీసు వల్ల ముదరాలి. రెండూ కాదని బోర్డు తేలిస్తే ‘ఎన్‌ఏఎన్‌ఏ’ అని రాస్తుంది. ఆ మాట పక్కనే ఒక కారణం ఉంటుంది, చాలాసార్లు ఒకే ఒక్క వాక్యం. దాని కింద ఎర్ర గీత గీయండి. మన పని అంతా ఆ వాక్యంతోనే.

గుత్తి వైపు నుంచి ఒక మాజీ హవల్దారు అనంతపురంలో నా దగ్గరికి వచ్చారు. బీపీ, 30 శాతం, ఎన్‌ఏఎన్‌ఏ. కారణం: ‘పీస్ స్టేషన్‌లో (సరిహద్దుకు, ఫీల్డ్ ప్రాంతాలకు దూరంగా ఉండే పోస్టింగులో) మొదలైంది’. ఆయన అప్పటికే కర్నూలు వెళ్లి ఒక డాక్టరు చేత ఉత్తరం రాయించుకున్నారు. ‘ఇతనికి చాలా ఏళ్లుగా రక్తపోటు ఉంది, మందులు వాడుతున్నాడు’ అని అందులో ఉంది. పాపం, ప్రయాణ ఖర్చులు దండగ. బీపీ లేదని బోర్డు ఎప్పుడన్నది? కాదనని సంగతిని ఎంత పెద్ద డాక్టరు రుజువు చేసినా కేసు అంగుళం కదలదు.

అప్పుడు ఒక తెల్లకాగితాన్ని నిలువునా మడిచాం. ఎడమ పక్క పోస్టింగులు, కుడి పక్క మెడికల్ కేటగిరీ (ఆరోగ్యాన్ని బట్టి సైన్యం ఇచ్చే శ్రేణి) మారిన తేదీలు. లద్దాఖ్‌లో ఎత్తైన చోటున్న లేహ్ నుంచి దిగి పీస్ స్టేషన్‌కు వచ్చిన ఐదో నెలలో బీపీ బయటపడింది. బయటపడటం వేరు, మొదలవడం వేరు. మిలిటరీ డాక్టర్ల 2008 నాటి మార్గదర్శిక కూడా రక్తపోటు విషయంలో ఫీల్డ్ సర్వీసును, ఎత్తైన ప్రాంతాల సర్వీసును లెక్కలోకి తీసుకోమంటుంది. బోర్డు ఆ లెక్క వేసినట్టు కాగితంలో ఎక్కడా లేదు.

డాక్టరు దగ్గరికి ఈ మడత కాగితంతోనే వెళ్లాలి. ‘సర్వీసు వల్లే వచ్చిందని రాయండి సార్’ అని బతిమాలకండి. అలా రాసే డాక్టరు మాటకు విలువ ఉండదు, విలువున్న డాక్టరు అలా రాయరు. ఎండీ చేసిన ఫిజీషియన్‌ను మూడు ప్రశ్నలు అడగండి. ఈ జబ్బు బయటపడక ముందే లోపల ఉండవచ్చా? ఎత్తైన చోట గడిపిన కాలం దాన్ని ముదిరించి ఉండవచ్చా? అలా అనుకోవడానికి వైద్యపరమైన ఆధారమేమిటి? ఏయే కాగితాలు చూశారో తేదీలతో సహా ఉత్తరంలో రాయమనండి. ఓపీ రద్దీలో ఇదంతా సాగదు, ముందే సమయం అడిగి వెళ్లండి.

ఉత్తరానికి తోడు చట్టం. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇది: చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు నమోదు కాకపోతే జవాను ఆరోగ్యంగా చేరినట్టే భావించాలి, కాదని చూపే బరువు సర్కారుది, బోర్డు కారణాలు చెప్పి తీరాలి. అందుకే భర్తీ నాటి వైద్య పరీక్ష కాగితం అప్పీలుకు తప్పక జోడించండి. ఒక హెచ్చరిక: ఆ తీర్పు 1982 నాటి పింఛను అర్హత నిబంధనల మీద వచ్చింది. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలున్నాయి, ఆ తర్వాత బయటికి వచ్చినవారి సంగతి విడిగా చెప్పుకోవాలి.

మొదటి అప్పీలుకు తిరస్కరణ ఉత్తరం నుంచి ఆరు నెలల గడువు. సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచి గురించి తర్వాత చూద్దాం.

ఈ వారం అభ్యాసం: మీ మడత కాగితం తయారు చేయండి. ప్రతి తేదీ పక్కన అది ఏ కాగితంలో ఉందో రాయండి. దొరకని తేదీని ఖాళీగా వదలండి. హవల్దారుగారు లేహ్ తేదీని జ్ఞాపకం మీద రాశారు. రికార్డుతో పోలిస్తే సరిగ్గా ఏడాది తేడా వచ్చింది.