పిల్లల కోసం ప్లాన్ చేసే ముందు ఇద్దరూ చూసుకోవాల్సినవి

ట్రై చేయడం మొదలుపెట్టే ముందు ఒక మూడు నెలలు టైం పెట్టుకోండి, ఎందుకంటే వీర్యకణం తయారవడానికే దాదాపు రెండున్నర నెలలు పడుతుంది, అంటే ఈరోజు మానేసిన సిగరెట్ ఫలితం అప్పుడు కనిపిస్తుంది.

- ఫోలిక్ యాసిడ్ రోజుకి 400 మైక్రోగ్రాములు, ఆమె ఇప్పట్నుంచే వేసుకోవాలి. బిడ్డ వెన్నుపాము మొదటి నాలుగు వారాల్లోనే ఏర్పడిపోతుంది, చాలామందికి అప్పటికి ప్రెగ్నెన్సీ అని కూడా తెలీదు. షుగర్, ఫిట్స్ మందులు ఉంటే డోస్ డాక్టర్నే అడగండి, వాడే మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు.
- టెస్టులు: హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, ఇద్దరికీ తలసేమియా (తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చే రక్త జబ్బు). ఆమె రుబెల్లా టీకా వేయించుకుంటే ట్రై చేయడానికి నెల ఆగాలి.
- తోటకూర, పప్పు, గుడ్లు, రాగులు తినండి, పైన నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ బాగా పడుతుంది. అన్నం తినగానే టీ వద్దు.
- మగవాళ్లూ, జిమ్‌లో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటుంటే అది కండలు పెంచినా వీర్యకణాల తయారీని ఆపేస్తుంది, దయచేసి డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోవద్దు. గుట్కా, మద్యం బంద్.
- ఆమెకి పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో పీరియడ్స్ క్రమం తప్పే సమస్య), అధిక బరువు రెండూ ఉంటే బరువు 5 శాతం తగ్గినా పీరియడ్స్ దారిలో పడే అవకాశం ఉంది. కడుపు మాడ్చుకోవద్దు.

ఏడాది ట్రై చేసినా ప్రెగ్నెన్సీ రాకపోతే, ఆమెకి 35 దాటితే ఆరు నెలలకే, డాక్టర్ దగ్గరికి ఇద్దరూ వెళ్లండి. కోడల్ని ఒక్కదాన్నే పంపడం అన్యాయం, వీర్య పరీక్ష మొదట్లోనే చేయించాలి.